మలుపు దగ్గర సుద్ద గీత

టైలరు తన భార్యను ఈ నగరంలో వదిలేసి, తానొక్కడే మాతో తిరిగి రాబోతున్నాడన్న అనుమానం నాకు ప్రయాణం మొదట్లోనే కలిగింది. అనుమానాన్ని నేను తేలిగ్గా తీసుకునేవాణ్ని కాను. అలాగని ఆధారం లేకుండా దాన్ని మోసుకు తిరిగేవాణ్నీ కాను. అందుచేత ఎవరితోనూ అనకుండా ఆ మనిషిని గమనిస్తూ వచ్చాను. గమనించినకొద్దీ అది సడలకపోగా బిగుసుకుంది.

మాది చవక యాత్ర. కాలనీలో ఉద్యోగాలు విరమించినవాళ్ళమూ, పిల్లల పెళ్ళిళ్ళు ముగించుకుని ఊపిరి పీల్చుకున్నవాళ్ళమూ కలిసి ఇలాంటి యాత్రలు నడిపే గొడుగాయన చేతిలో పడ్డాం. ఎండావానలతో నిమిత్తం లేకుండా మూసిన నల్లగొడుగును తలమీదికెత్తి పట్టుకుని ముందు నడవడం ఆయన పద్ధతి. ఆ గొడుగు కనిపించినంతసేపూ మేము యాత్రికులం, కనిపించకపోతే తప్పిపోయినవాళ్ళం. ఆయన ఎవరినీ లెక్కపెట్టడు.

"తప్పిపోయినవాళ్ళు లాడ్జికి వచ్చేయండి, అంతే. ఒక్కరికోసం అందరం ఆగితే నగరం చూడలేం," అని రైలు దిగగానే చెప్పేశాడు.

టికెట్టు పెట్టిన ప్రతి కట్టడాన్నీ ఆయన బయటినుంచే చూపించాడు. రాజభవనం గేటు ముందు నిలబడి, "లోపల ఏముంటుందండీ, అంతా పాత సామానే. అందమంతా ఈ గేటులోనే ఉంది," అన్నాడు.

"అయితే మీరు మా ఇంటికొచ్చినప్పుడు కాఫీ కూడా గేటు దగ్గరే ఇస్తాను," అంది మా ఆవిడ.

"మీరిస్తే రోడ్డు మీదైనా తాగుతానమ్మా," అని ఆయన గొడుగు ఇంకాస్త పైకెత్తాడు.

బస రైల్వే స్టేషను వెనక ఒక పాత లాడ్జిలో. ఆడవాళ్ళకొక హాలు, మగవాళ్ళకొక హాలు. వరసగా ఇనుప మంచాలు, గోడకు మేకులు. టైలరు మంచం నా మంచం పక్కన. మా ఆవిడ మంచం టైలరుగారి భార్య మంచం పక్కన. పరిశీలనకు ఇంతకంటే అనువైన ఏర్పాటు నేను అడిగినా దొరికేది కాదు.

టైలరు మా కాలనీలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే మనిషి. మాట తక్కువ. ఎవరు ఎదురైనా ముందు వాళ్ళ భుజాలు చూసి, ఆ తరవాత ముఖం చూస్తాడు. ఆయన భార్య అదే కొట్లో, మిషను పక్కన చిన్న పీట మీద కూర్చుని కాజాలు తీస్తుంది, గుండీలు కుడుతుంది. ఇంటినుంచి కొట్టుకీ కొట్టునుంచి ఇంటికీ ఆయన సైకిలు వెనక కూర్చుని వెళ్ళడమే తప్ప, సందు చివరికైనా ఆవిడ ఒంటరిగా నడిచి వెళ్ళడం కాలనీలో ఎవరూ చూడలేదు. చదువు లేదు. ఈ నగరంలో మాట్లాడే భాష మాలో ఎవరికీ రాదు, ఆవిడకు మరీ రాదు.

అటువంటి మనిషిని పక్షుల బజారులో, జనం ఒకరినొకరు తోసుకుంటున్న చోట, ఒక స్తంభం దగ్గర నిలబెట్టి టైలరు వెళ్ళిపోయాడు. తప్పిపోలేదు, వెళ్ళిపోయాడు. చెవిలో ఏదో చెప్పి, వెనక్కి చూడకుండా, గుంపులో కలిసిపోవడం నేను కళ్ళారా చూశాను. ఆవిడ సంచి గుండెలకు హత్తుకుని కాసేపు నిలబడింది. తరవాత గోడల వైపు చూసుకుంటూ, అడుగులో అడుగు వేసుకుంటూ నడవసాగింది. ఆవిడ ముఖంలో ఉన్నది భయమే. సందేహం లేదు.

మర్నాడు ట్రాము స్టాపు దగ్గరా అంతే. ఆ పైరోజు పెద్ద పార్కు గేటు దగ్గరా అంతే. ప్రతిసారీ ఆవిడ ఎలాగో లాడ్జికి చేరింది. ప్రతిసారీ ఆయన అంతకుముందే చేరి, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ కనిపించగానే లేచి ఎదురెళ్ళకుండా చేతి గడియారం చూసుకున్నాడు. తప్పిపోయిన భార్యకోసం భర్త ఎదురుచూసే తీరు అది కాదు. ఏదో ఒకరోజు ఈవిడ రాకుండా పోతుందేమోనని చూసే మనిషి తీరు.

మా ఆవిడతో ఈ మాట అంటే కొట్టిపారేసింది.

"మీకు గోడ గడియారం టైము చూపించినా అనుమానమే. వాళ్ళ మానాన వాళ్ళని వదిలేయండి."

"పక్క మంచం నీది. ఆవిడేమీ అనలేదా?"

"ఏమీ అనలేదు," అంది. అంతలోనే గొంతు తగ్గించి, "కానీ ఒకటి. వాళ్ళ బట్టలన్నీ విడదీసి సర్దారు. ఆయనవి ఒక చిన్న సంచిలో, ఆవిడవి పెద్ద సంచిలో. మొన్నటిదాకా అన్నీ ఒక్క పెట్టెలోనే ఉండేవి. ఎందుకు వదినా అంటే, ఊరికే అంది. ఊరికే ఎవరైనా బట్టలు విడదీస్తారా?"

"విడదీయరు."

"ఇంకోటి కూడా. లాడ్జి కార్డు ఉంటుంది చూడండి, అడ్రసు ఉన్నది, అందరికీ తలో ఒకటి ఇచ్చారు. ఆవిడ సంచిలోంచి ఆయనే తీసేసుకున్నాడు, నా కళ్ళముందే." ఇప్పుడు కొట్టిపారేసే ధోరణి ఆ ముఖంలో లేదు. "ఏమండీ, నిజంగానే వదిలేస్తాడంటారా?"

గొడుగాయనను పక్కకు పిలిచి, తిరుగు ప్రయాణంలో ఎవరైనా తగ్గితే ఆయన ఏం చేస్తాడని అడిగాను.

"తగ్గితే బెర్తు మీద కాళ్ళు చాపుకుంటాం," అన్నాడు. "ఎవరు తగ్గుతున్నారు? మీరా?"

"నేను కాదు."

"అదీ, అనుకున్నా. మీరు తగ్గే రకం కాదు." నవ్వేసి వెళ్ళిపోయాడు. ఆ వైపునుంచి ఏ సాయమూ రాదని తేలిపోయింది.

తిరుగు ప్రయాణానికి ముందురోజు గొడుగాయన, "ఈ పూట మీ ఇష్టం, ఎక్కడికైనా తిరగండి," అని ప్రకటించాడు. ఆయనకు పైసా ఖర్చులేని పూట అది. అందరూ చౌక బట్టల వీధికి బయల్దేరారు. టైలరు మాత్రం చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఒంటరిగా బయటపడ్డాడు. కాస్త ఎడం ఉంచి నేనూ వెంట నడిచాను.

లాడ్జి వీధి మొదటి మలుపు దగ్గర ఆయన ఆగాడు. అటూ ఇటూ చూశాడు. జేబులోంచి ఏదో తీసి, గోడమీద నడుం ఎత్తున గీసి, మళ్ళీ నడిచాడు. నేను వెళ్ళి చూశాను. గులాబిరంగు సుద్దతో చిన్న ఏటవాలు గీత, చివర ఒక కొక్కెం. బట్ట కత్తిరించేముందు దర్జీలు వేసే గీత అది. కొక్కెం ఎటు తిరిగితే అటు తిరగాలి. రొట్టెల కొట్టు దగ్గరి మలుపులోనూ అటువంటిదే మరొకటి గీశాడు, కొక్కెం కుడికి. అక్కడినుంచి జనంలో పడి నా చూపు తప్పించుకున్నాడు.

నేను గోడముందు నిలబడి ఆలోచించాను. గుర్తు పెట్టేవాడు ఒకరికోసం పెడతాడు. ఆ ఒకరు ఎవరు? భార్య కావచ్చు; ఆవిడను ఏ మారుమూలకో రప్పించడానికి. లేదా ఇంకెవరైనా కావచ్చు. ఆవిడ ఎక్కడ దొరుకుతుందో తెలియజేయడానికి. రెండింటిలో ఏది నిజమో తేలాలంటే మార్గం ఒకటే అనిపించింది: గుర్తు తీసేస్తే, అది ఎవరికి అవసరమో వాళ్ళే వచ్చి వెతుక్కుంటారు. జేబురుమాలు తీసి గీతను తుడిచేశాను. గోడమీద గులాబిరంగు మరక మాత్రం మిగిలింది. ఎదురుగా రొట్టెల కొట్లోకి వెళ్ళి, కొనే ఉద్దేశం ఉన్నవాడిలా అద్దాల అలమర పక్కన నిలబడ్డాను.

వచ్చింది భార్యే.

మలుపు దగ్గరికి వచ్చి ఆగింది. గోడను చూసింది. ఇంకో గోడను చూసింది. మరకను వేలితో తాకి, ఆ వేలిని కళ్ళదగ్గర పెట్టుకుని చూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. అప్పుడే నేను బయటికి వెళ్ళి పలకరించి ఉండవలసింది. కానీ ఎవరైనా మగవాడు దగ్గరికి వస్తాడేమో, ఆ మనిషిని చూడాలని ఆగాను. ఇంతలో ట్రాము వచ్చి ఆగి, జనాన్ని వీధిలోకి దింపింది. అది కదిలి వెళ్ళేసరికి మలుపులో ఆవిడ లేదు.

నేను పరుగెత్తాననే చెప్పాలి. ఈ వయసులో దాన్ని పరుగు అనవచ్చునో లేదో చూసినవాళ్ళకు తెలియాలి. చెరిపిన గీత చూపించిన కుడివైపు వీధి పట్టుకున్నాను. ఆవిడ అక్కడ లేదు. ఆ వీధి చివర దారి మూడుగా చీలింది. అక్కడి గోడలన్నీ చూశాను. సుద్ద గీత కనబడలేదు. కంగారులో నా కంటికి ఆనలేదేమో అనుకుని, మూడింటిలో వెడల్పైన దారి పట్టుకున్నాను. అది ఒక పెద్ద ఆసుపత్రి గేటు దగ్గర తేలింది. గేటు పక్క సిమెంటు బెంచీ మీద టైలరు కూర్చుని ఉన్నాడు.

నన్ను చూసి తెల్లబోయాడు. "మాస్టారూ, మీరేంటి ఇక్కడ?"

"మీ ఆవిడను ఎక్కడికి పంపిస్తున్నావయ్యా?" అన్నాను. ఊపిరందక మాట గట్టిగా రాలేదు గాని, వీలైనంత గట్టిగానే అన్నాను. "రొట్టెల కొట్టు దగ్గర దారి తెలియక నిలబడింది. ఇప్పుడు కనబడడం లేదు."

ఆయన ముఖంలో కంగారు రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు ఇంకేదో వచ్చింది. బిగించి కట్టిన తాడు వదులైనట్టు ఆయన భుజాలు కిందికి దిగాయి.

"అయితే రాలేకపోయిందన్నమాట," అన్నాడు మెల్లగా. "సరే. పోనీలెండి. ఇంక రేపు మీతో పాటే వచ్చేస్తాం."

"ఇద్దరూనా?"

"ఇద్దరం కాక?" అని నా వంక వింతగా చూశాడు.

లేచి, వీధివైపు పెద్ద పెద్ద అంగలు వేస్తూనే చెప్పాడు. తన గుండెలో కవాటం పాడైంది. ఈ ఆసుపత్రిలో బీదవాళ్ళకు ఆపరేషను ఉచితంగా చేస్తారు. చాలాకాలం ఎదురుచూస్తే ఇప్పుడు తేదీ వచ్చింది. రేపు చేరాలి. ఇంత తక్కువ ఖర్చులో ఈ నగరానికి వచ్చే దారి గొడుగాయన యాత్ర తప్ప మరొకటి దొరకలేదు. జబ్బు సంగతి తెలిస్తే ఆయన తీసుకురాడని ఎవరికీ చెప్పలేదు.

"నేను నెలరోజులు మంచాన పడి ఉంటే ఇది లాడ్జినుంచి ఇక్కడికి రావాలి, మళ్ళీ వెళ్ళాలి. నా వెనక సైకిలెక్కడం తప్ప దీనికేం తెలుసు చెప్పండి? అందుకే నేర్పిస్తున్నా. కార్డు ఉంటే ఎవరికో చూపించి గట్టెక్కేస్తుంది, దారి నేర్చుకోదు. అందుకని అదీ తీసేసుకున్నా." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఇవాళ ఒంటరిగా ఇక్కడిదాకా వస్తేనే ఆసుపత్రిలో చేరతానన్నా. రాలేకపోతే అందరితో కలిసి ఇంటికి. అదీ మా ఒప్పందం. రాలేదు. ఏం చేస్తాం?"

నా అనుమానానికి ఆధారాలుగా పోగుచేసుకున్న ప్రతి సంగతికీ ఆయన దగ్గర సమాధానం ఉంది. కార్డు, సంచులు, సుద్ద, వదిలేసి వెళ్ళడం, అన్నిటికీ. నేను చూసినవన్నీ నిజాలే. వాటిని కూడి నేను తేల్చినది మాత్రం తప్పు. అయినా ఒకటి మిగిలిపోయింది. ఆ భుజాలు ఎందుకు దిగాయి?

అడిగే వ్యవధి లేకపోయింది. మూడు దారులు కలిసేచోటునుంచి ఆవిడ వస్తోంది. ఒక చెప్పు కాలికి ఉంది, రెండోది చేతిలో ఉంది. కొంగు నడుముకు దోపుకుంది. ముఖమంతా చెమట. మమ్మల్ని చూసినా తొందరపడకుండా, నడిచినట్టే నడిచి మా ముందుకు వచ్చి ఆగింది.

"వచ్చేశాను," అంది.

టైలరు ఆవిడను తలనుంచి కాళ్ళదాకా చూశాడు. "ఎవరైనా దింపారా?"

"ఎవరు దింపుతారండీ? తిన్నగా పోతే కాలవ వచ్చింది. మీరు కాలవ మాట చెప్పలేదు కదా, వెనక్కి తిరిగొచ్చాను. ఇటు వస్తే మూడు దార్లు. ఒకదాన్లో అంతా గోడౌన్లు, కుక్కలు. రెండోదాన్లో చెప్పు తెగింది, దారీ తెగింది. ఇంక మిగిలింది ఇదొక్కటేగా." చెప్పును నేలమీద పడేసింది. "అది కాదు గానీ, రొట్టెల కొట్టు దగ్గర గుర్తు ఎందుకు చెరిపేశారు?"

"నేనా?" అన్నాడు టైలరు. "నేను పెట్టాను. చెరపలేదు."

"మరెవరు చెరుపుతారు? వేలికి రంగంటింది నాకు. ఇప్పుడే తుడిచినట్టుంది. నేను రాకుండా ఉండాలనేగా?"

ఆవిడ ఆ వేలిని ఆయన ముందుకు చాపింది. కొన్ని రోజులుగా నేను ఆ మనిషి మీద పెట్టుకున్న అనుమానం, నా చేతి పనివల్ల, ఇప్పుడు ఆవిడ మనసులోకి వెళుతోంది.

"అది నేను చెరిపానమ్మా," అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు.

"ఆ గుర్తు ఎవరికోసం పెట్టాడో తెలుసుకుందామని."

"నన్నడిగితే చెప్పేదాన్నిగా అన్నయ్యగారూ!"

నేను గులాబిరంగు అంటిన జేబురుమాలు తీసి చూపించాను.

"సరే, అది మీరు," అంది. "మూడు దార్ల దగ్గరిది కూడా మీరేనా?"

"కాదు. అక్కడ నేను వెతికాను. గుర్తు కనబడలేదు."

"నాకూ కనబడలేదు. అక్కడ మరక కూడా లేదు."

ఆవిడ భర్తవైపు తిరిగింది. ఆయన ఆసుపత్రి గేటువైపు చూస్తున్నాడు.

"సుద్ద అయిపోయింది," అన్నాడు.

ఆవిడ ఒక్క అడుగు ముందుకు వేసి, ఆయన చొక్కా జేబులో చెయ్యిపెట్టి, గులాబిరంగు సుద్దముక్క తీసింది. సగానికి పైగానే ఉంది. దాన్ని ఆయన కళ్ళముందు పెట్టలేదు. అరచేతిలో ఒకసారి దొర్లించి, మళ్ళీ అదే జేబులో వేసేసింది.

"ఖరీదైన గుడ్డ వస్తే మీరేం చేస్తారో నాకు తెలీదా?" అంది. "కత్తెర చేతిలోనే పెట్టుకుని, కత్తెర ఏదే, కత్తెర ఏదే అంటారు. మొదటి కత్తిరింపుకి పొద్దంతా తచ్చాడతారు. ఇప్పుడు గుడ్డ మీరే అయ్యేసరికి కాళ్ళాడటం లేదు. అంతేనా?"

టైలరు ఆ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "నువ్వు రాలేకపోతే," అన్నాడు, "నావల్ల కాదని చెప్పక్కర్లేదు కదా. నీవల్ల కాలేదని చెప్పుకుని వెళ్ళిపోవచ్చు కదా అనుకున్నా."

"కాలనీ అంతా చెప్పుకునేది, నావల్లే మీరు పోయారని."

"అంతదూరం ఆలోచించలేదే."

"మీరు ఆలోచించరు. నేను కాలవ గట్టుమీద కూర్చుని అదే ఆలోచించాను." ముక్కు తుడుచుకుంది. "ఏడుపు కూడా అక్కడే అయిపోయింది. ఇంక పదండి లోపలికి."

"రేపు కదా చేరమన్నది."

"ముందురోజు వచ్చినా మంచం ఇస్తామన్నారు. రేపటిదాకా ఆగితే మీరు ఇంకేం చేస్తారో! నా భాష తెలిసినవాళ్ళు ఇక్కడ ఇద్దరే ఉన్నారు. ఒకరు పెట్టిన గుర్తు చెరిపేస్తారు, ఒకరు అసలు పెట్టనే పెట్టరు. నేనెవర్ని నమ్మాలి?"

టైలరు నావంక చూశాడు. సాయం అడుగుతున్నాడో, సాక్ష్యం అడుగుతున్నాడో తెలియలేదు.

"వదినతో చెప్పండి అన్నయ్యగారూ, మేం ఇక్కడే ఉండిపోతున్నామని," అంది ఆవిడ. "దారిలో ఇంకేమీ తుడవకండి."

ఆసుపత్రి ముందు రెండు ద్వారాలున్నాయి. రోగులకొకటి, వాళ్ళతో వచ్చినవాళ్ళకొకటి. కాపలాదారు చేత్తో ఇద్దరినీ విడదీసి, ఆయనను ఎడమవైపుకీ ఆవిడను కుడివైపుకీ పంపించాడు. టైలరు గడప దగ్గర ఆగి, "అదెటు పోతుందో దానికి తెలీదు," అని ఆ కాపలాదారుకు అర్థంకాని భాషలో రెండుసార్లు చెప్పాడు. వెనకనుంచి జనం తోస్తుంటే లోపలికి వెళ్ళకతప్పలేదు.

గాజు తలుపుల్లోంచి నాకు హాలంతా కనబడుతోంది. ఆయన జనం మధ్య నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒక్కో కౌంటరు కిటికీవైపూ తిరిగి చూస్తున్నాడు. ఎవరో ఏదో అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఇంకొకరు వరసలోకి జరగమంటే వరస వదిలి బయటికి వచ్చాడు. తిరిగి ద్వారం వైపు రెండడుగులు వేశాడు కూడా. అప్పుడు ఆవిడ హాలు రెండోవైపునుంచి, రెండో చెప్పు కూడా వదిలేసి, వట్టి కాళ్ళతో, మనుషులను తప్పించుకుంటూ వచ్చి, ఆయన మోచెయ్యి పట్టుకుని వరస చివరికి తీసుకువెళ్ళి నిలబెట్టింది.